కాలం కనబడే వంటబడి: లోపలి అమరిక ఎలా చేసుకోవాలి

వంట నేర్పే స్కూలుకు "సీజన్ కూరగాయల థీమ్" అనుకోగానే చాలామంది ముందు చేయించేది గోడ మీద మామిడిపళ్ల బొమ్మ. ఆ బొమ్మ శ్రావణంలోనూ అక్కడే ఉంటుంది, సంక్రాంతికీ అక్కడే ఉంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాలాన్ని బట్టి వంట నేర్పే చోట కంటికి కనబడాల్సింది ఆ వారం రైతుబజారుకు వచ్చిన కాయ, ఆకు, దుంప. వాటిని పరచడానికి, వేలాడదీయడానికి, ఆరబెట్టడానికి, మాగబెట్టడానికి, కొట్టడానికి, రుబ్బడానికి తగిన చోట్లు ముందే కట్టి ఉంచాలి. అవి ఉంటే గది దానంతటదే నాలుగుసార్లు రంగు మారుతుంది. లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా అది మామూలు మాడ్యులర్ కిచెనే.

ఇక్కడ చెప్పే కొలతలు కోస్తాలోనో తెలంగాణలోనో ఒక పట్టణంలో, కింది అంతస్తులో, సుమారు 1300 చదరపు అడుగుల చోటుకు సరిపోతాయి. ఒక బ్యాచ్‌కు 12 మంది, ఇద్దరికి ఒక గట్టు అన్న లెక్క మీద వేసినవి.

ముందు పంటల కాగితం, ఆ తర్వాత ప్లాను

ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లేముందు ఒక పెద్ద కాగితం మీద ఏడాది పొడుగునా ఏ నెలలో ఏం నేర్పుతారో రాయండి. పక్కనే, ఆ పనికి ఎలాంటి చోటు కావాలో రాయండి. గది ఆకారాన్ని తేల్చేది ఈ రెండో గడే.

మాఘం, ఫాల్గుణాల్లో కొత్త మిరప, కొత్త చింతపండు వస్తాయి. గింజలు తీయడం, తొడిమలు తుంచడం నేల మీద కూర్చుని చేసే పని. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ, మాగాయ, వడియాలు. కాయలు కడిగి తుడవాలి, కత్తితో కొట్టాలి, బేసిన్లలో కలపాలి, ఎండబెట్టాలి. ఏడాది మొత్తంలో ఎక్కువ చోటు అడిగేది ఈ రెండు నెలలే. వానాకాలంలో గోంగూర, తోటకూర, బీర, పొట్ల, బోడకాకర. ఎండ ఉండదు కాబట్టి కడిగిన గోంగూరను నీడన, గాలికి ఆరబెట్టే అరలు కావాలి. దసరా దాటాక సీతాఫలం, కంద, చిలగడదుంప, కార్తీకంలో ఉసిరి. ధనుర్మాసానికి చిక్కుళ్లు, పచ్చి కందికాయలు, అనపకాయలు, తేగలు, రేగిపళ్లు, కొత్త బియ్యం. సంక్రాంతి ముందు అరిసెలు, జంతికలు, అంటే పెద్ద బాండీలో నూనె.

12 మంది తలా 2 కిలోల ముక్కలతో ఆవకాయ పెట్టారంటే 24 కిలోల ముక్కలు. టెంకలోని జీడి, పనికిరాని ముక్కలు పోను అంత రావాలంటే 30 కిలోలకు పైనే కాయలు తెచ్చుకోవాలి. అవన్నీ ఒకేసారి గుడ్డల మీద పరచడానికి చోటు లేకపోతే తడి ఆరకముందే కలిపేస్తారు. నెల తిరగకుండా జాడీ మూత కింద బూజు కనబడుతుంది. నేర్పినవాళ్లకు చెడ్డపేరు వస్తుంది, తప్పు మాత్రం గదిది.

గదులు, గట్లు

వంట నేర్పే పెద్ద గది 32 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ముందు అరుగుకు 10×12, సరుకుల గది 10×10, గిన్నెలు కడిగే చోటు 10×8, రుబ్బుడు గది 8×6, తినే చోటు 14×12. మిగిలింది గోడలకు, టాయిలెట్లకు, నడవడానికి.

పెద్ద గదిలో గట్లను గది మధ్యలో ద్వీపాల్లా కట్టకండి. గ్యాసు, నీళ్లు, మురుగు అన్నీ నేల కింద నుంచి పోవాల్సి వస్తుంది. ఎక్కడైనా పూడుకుపోతే బండలు పగలగొట్టాలి. రెండు పక్క గోడల నుంచి లోపలికి 7 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుతో గట్లు రానివ్వండి. ఇటు మూడు, అటు మూడు. మధ్యలో 6 అడుగుల దారి మిగులుతుంది. ఒక గట్టుకూ వెనక గట్టుకూ మధ్య 4 అడుగులు తప్పకుండా ఉండాలి. 3 అడుగులే ఉంటే వేడి గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు తగులుతారు. ఇలా మూడు వరసలకు పంతొమ్మిదిన్నర అడుగులు. బోధించేవారి బల్ల, దానికి ముందు 4 అడుగులు, వెనక 4 అడుగులు కలిపి 11 అడుగులు. మొత్తం 32 అడుగుల్లో సరిపోతుంది.

గట్టు మీద గోడ వైపు స్టవ్, మధ్యలో తరిగే చోటు, దారి వైపు సింక్. ఈ వరస మార్చవద్దు. స్టవ్ గోడ వైపు ఉంటే పైన పొగ లాగే హుడ్ గోడకే బిగుస్తుంది, వెనక వరసవాళ్లకు బోధించేవారు కనబడతారు. దారిలో నడిచేవాళ్ల చీర కొంగులు, చున్నీలు మంటకు దూరంగా ఉంటాయి. సింక్ పైపు గట్టు కింద నుంచే గోడకు పోతుంది. 7 అడుగుల పైపుకు 2 అంగుళాల వాలు పెట్టించండి. ప్లంబర్ "ఒక అంగుళం చాలు" అంటాడు. బియ్యం కడిగిన నీళ్లు, చింతపండు పిప్పి పోయే పైపుకు ఒక అంగుళం చాలదు.

వాస్తు చూసుకునేవాళ్లకు ఈ అమరికతో పేచీ లేదు. బోధించే బల్లను తూర్పు వైపు పెడితే నేర్చుకునేవాళ్లంతా తూర్పు ముఖంగా వండుతారు. సరుకుల గది వాయవ్యంలో, ఉత్తరపు గోడ వైపు పెట్టుకోవచ్చు. పడమటి గోడకు మాత్రం స్టవ్‌లు గానీ సరుకుల గది గానీ ఆనించకుండా చూడండి. మే నెలలో సాయంత్రం ఆ గోడ సెగలు కక్కుతుంది.

తడి వైపు, పొడి వైపు

తెలుగువాళ్ల నిల్వ వంటలన్నిటికీ శత్రువు తడి. ఊరగాయలకూ, పొడులకూ, అప్పడాలకూ అదే సూత్రం. అందుకే గదిని అడ్డంగా ఒక గీత గీసి విడదీయండి. ముందు అరుగు నుంచి కడిగే తొట్టి, ఆరబెట్టే అరలు దాకా తడి వైపు. అక్కడి నుంచి లోపల ఉన్నదంతా పొడి వైపు. కాయ తడి వైపు నుంచి పొడి వైపుకు వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా తుడిచే బల్ల ఒకటి దాటాలి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, పైన పాత నూలు పంచె. బల్ల పైన ఫ్యాన్.

ఆరబెట్టే అరలు ఇలా చేయించండి: 3×2 అడుగుల స్టీలు జల్లెడ పళ్లేలు ఐదు, ఒకదానికీ ఇంకోదానికీ 6 అంగుళాల ఎడం, కింద చక్రాలు. వానాకాలంలో ఈ బండిని పెడస్టల్ ఫ్యాన్ ముందు నిలబెడితే గోంగూర ఆకు రెక్కరెక్కగా ఆరుతుంది. వేసవిలో అదే బండి మేడ మీదికి పోయి, పైన దోమతెర కప్పుకుని వడియాలకు, మాగాయ ముక్కలకు పనికొస్తుంది. మేడ లేని అద్దె చోటైతే ఎండ తగిలే బాల్కనీకి తోసేలా చక్రాల వెడల్పు తలుపుకు తగ్గట్టు కొలవాలి. బండి తయారయ్యాక తలుపులో పట్టదని తెలుసుకోవడం తరచూ జరిగే పొరపాటే.

ఎత్తులు

గట్టు ఎత్తును ఫ్యాక్టరీ కొలతకు వదిలేయకండి. నిలబడి మోచేయి మడిచినప్పుడు దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందికి గట్టు ఉండాలి. 5 అడుగుల ఎత్తున్న మనిషికి అది సుమారు 32 అంగుళాలు. ఐదున్నర దాటినవారికి 35, 36. కాబట్టి మూడు వరసలనూ ఒకే ఎత్తులో కట్టకుండా ముందు వరస 32, మధ్య వరస 34, వెనక వరస 36 అంగుళాలు పెట్టండి. ఎవరి ఎత్తును బట్టి వాళ్లు నిలబడతారు, వెనకవాళ్ల చూపుకూ అడ్డం రాదు.

ఎక్కువమంది మరిచిపోయేది పొట్టి పొయ్యి. అరిసెలు, జంతికలు, బూరెలు వేసే బాండీని మామూలు గట్టు మీద పెడితే లెక్క చూడండి: గట్టు 33 అంగుళాలు, స్టవ్ 5, బాండీ లోతు 6. అంచు 44 అంగుళాల దగ్గరికి వస్తుంది. 5 అడుగుల మనిషికి మోచేయి ఉండేది 38 అంగుళాల దగ్గర. అంటే చేయి పైకెత్తి నూనెలోకి పిండి జారవిడవాలి. చిట్లిన నూనె మొహానికి తగులుతుంది. అందుకే ఒక మూల 20 అంగుళాల ఎత్తులో ఒక గట్టి పొయ్యి, పక్కనే పీట మీద కూర్చుని అరిసెల చెక్కలతో నూనె ఒత్తే చోటు ఉంచండి. సంక్రాంతికే కాదు, వేసవిలో మిరపకాయలు వేయించడానికీ, పెద్ద గిన్నెలో పులిహోర కలపడానికీ అదే ఆధారం.

ఇంకో పల్లపు చోటు కత్తిపీటలకు, ఆవకాయ కత్తికి. 8×6 అడుగుల నేల, చుట్టూ ఎవరూ నడవని మూల. ఆవకాయ కత్తి దెబ్బను గ్రానైట్ గట్టు ఎక్కువ కాలం ఓర్చుకోదు. టైల్స్ నేల అయితే రెండో రోజే చిట్లుతుంది. అడుగున మడిచిన గోనె సంచి, దాని మీద 4 అంగుళాల మందం చింతమొద్దు, ఆ మొద్దు మీద కత్తి. మొద్దు కింద గోనె లేకపోతే ప్రతి దెబ్బకూ ఎగురుతుంది, ముక్క టెంకతో సహా తెగకుండా నలుగుతుంది.

రాయి, గ్రౌటు, స్టీలు

మన వంటలో పులుపెక్కువ. చింతపండు, పచ్చిమామిడి, గోంగూర, నిమ్మ, ఉసిరి ఏడాది పొడుగునా గట్టు మీద ఒలుకుతూనే ఉంటాయి. అందంగా ఉంటాయని కడప బండ, తాండూరు బండ గట్లకు వేయించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: రెండూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయే తినుకుపోయింది. ఏ సబ్బుతోనూ పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. పాలరాయికీ ఇదే గతి. గట్టుకు గ్రానైటే మంచిది.

గ్రానైట్ అని అమ్మేదంతా గ్రానైట్ కాదు. దుకాణం నుంచి చిన్న ముక్క తెచ్చి దాని మీద నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి పావుగంట వదిలేయండి. తుడిచాక ఆ చోట మెరుపు పోయి వెలవెలబోతే అది వద్దు. రెండో పరీక్ష, తెల్లగుడ్డను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి రుద్దడం. గుడ్డకు నలుపు అంటితే రాయికి రంగు వేశారన్నమాట. కొన్నాళ్లకు గిన్నెలు పెట్టే చోట్ల బూడిదరంగు తేలుతుంది.

రంగు విషయానికొస్తే, చీమకుర్తి బ్లాక్ గ్యాలెక్సీ చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ నేర్పే గట్టుకు నప్పదు. నల్లటి రాయి మీద ఆవాలు, నల్ల నువ్వులు ఒలికితే కనబడవు. పైనున్న దీపం అద్దంలోలా కళ్లలోకి కొడుతుంది. చుక్కలు చుక్కలుగా ఉన్న రాయి మీద చీమ, ఇసుక రేణువు కనబడవు. సాదా బూడిదరంగు రాయి, అద్దంలా కాకుండా మెరుపు తక్కువగా పాలిష్ చేసినది తీసుకోండి. దాని మీద పండు మిరప ఎర్రగా, చిక్కుడు పచ్చగా, వంకాయ వంకాయలా కనబడుతుంది.

పసుపు దగ్గర మరీ జాగ్రత్త కావాలి. గట్టు వెనక తెల్ల టైల్స్ వేసి, మధ్య సందుల్లో తెల్ల సిమెంటు నింపారనుకోండి. పసుపు చేయి ఒక్కసారి తగిలితే ఆ గీత పచ్చబడుతుంది. పనిమనిషి సబ్బు నీళ్లతో రుద్దుతుంది, గీత ఇటుకరంగుకు తిరుగుతుంది. మరక ముదిరిందని భయపడి ఇంకా గట్టి సబ్బు తెస్తారు. నిజానికి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. కుంకుమ తయారయ్యేది ఆ గుణంతోనే. ఎండ పడే చోట మరక క్రమంగా వెలిసిపోతుంది. నీడన ఉన్న సిమెంటులో మాత్రం ఇంకిపోయి అలాగే ఉంటుంది. కాబట్టి సందులు 2 మిల్లీమీటర్లకు మించకుండా పెద్ద టైల్స్ వేసి, ముదురు బూడిదరంగు ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. సిమెంటు గ్రౌట్ కంటే ఖరీదే, కానీ మళ్లీ మళ్లీ గీకే పని ఉండదు.

అల్మారాలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే ప్లైవుడ్ గానీ 304 రకం స్టీలు గానీ వాడండి. పార్టికల్ బోర్డు సింక్ కింద రెండు వానాకాలాలు కూడా నిలవదు, అంచులు ఉబ్బి తలుపులు పట్టవు. 304 స్టీలైనా సరే, ఉప్పు తడి రాత్రంతా వదిలేస్తే సూదిమొన గుంటలు పడతాయి. ఊరగాయ కలిపే రోజు ఉప్పు పని గ్రానైట్ మీదే చేయించండి.

తాండూరు బండను వదులుకోనక్కర్లేదు. ముందు అరుగుకు, తినే చోటు నేలకు దానికి సాటి లేదు. కడప బండను సరుకుల గదిలో అరలకు వాడుకోండి. వంట గది నేలకు మాత్రం గరుకు విట్రిఫైడ్ టైల్స్. నూనె చుక్క, నీటి చుక్క కలిసినప్పుడు నున్నటి నేల మీద కాలు నిలవదు.

ముందు అరుగు, కాలం గోడ

లోపలికి అడుగుపెట్టగానే 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 18 అంగుళాల ఎత్తున ఒక అరుగు. ఇదే ఈ బడికి ముఖం. పొద్దున రైతుబజారు నుంచి వచ్చిన బుట్టలన్నీ ముందు ఇక్కడికే రావాలి, పాఠం ఇక్కడే మొదలవ్వాలి. లేత బెండకాయ కొన విరిచి చూడటం, గోంగూరలో ఎర్రకాడ, తెల్లకాడ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం, వంకాయ తొడిమ పచ్చగా ఉందో వడలిందో చూడటం, అన్నీ కూర్చుని చేసే పనులే. అరుగు మీద వెలుగు కిటికీ నుంచి పక్కగా పడాలి.

అరుగు వెనక గోడే కాలం గోడ. దీనికి రంగులూ బొమ్మలూ వద్దు. తెల్ల సున్నం మీద నిలువుగా 2 అడుగులకొక టేకు పట్టీ, పట్టీకి 8 అంగుళాలకొక రంధ్రం. ఆ రంధ్రాల్లో కొక్కేలు, అరలు, కమ్మీలు ఎక్కడ కావాలంటే అక్కడ దిగుతాయి. వేసవిలో వెల్లుల్లి జడలు, జల్లెడలు. వానాకాలంలో ఆకుకూరల తొట్లు. దసరా తర్వాత ఉట్లలో గుమ్మడికాయలు. ధనుర్మాసంలో అనపకాయల బుట్టలు, మూలన చెరకు గడలు. ఉట్టి అలంకారానికి పెట్టే వస్తువు కాదు. నేల మీద పెట్టిన గుమ్మడికాయ తడి తగిలిన వైపు నుంచి కుళ్లుతుంది. ఉట్టిలో చుట్టూ గాలి ఆడుతుంది, తొడిమ ఊడకుండా కోసిన ముదురు కాయ నెలల తరబడి ఉంటుంది. బూడిద గుమ్మడి ఒక్కోటి 6, 7 కిలోలు తూగుతుంది కాబట్టి కొక్కేన్ని టేకు పట్టీకి కాకుండా స్లాబులో దిగిన బోల్టుకు తగిలించండి.

ఒక హెచ్చరిక. గాజు సీసాల్లో కారం, పసుపు నింపి కిటికీ పక్కన వరసగా పేర్చడం ఈ మధ్య ఎక్కువైంది. ఎండకు కారం ఎరుపు కొన్ని వారాల్లోనే వెలిసిపోతుంది. చూపడానికి గింజలు, దినుసులు పెట్టండి. పొడులు చీకట్లో ఉండాలి.

వెదురు బుట్టలు, చేటలు వానాకాలంలో పుచ్చి, కింద సన్నటి పొడి రాలుస్తాయి. కొన్న వెంటనే రెండు రోజులు ఎండబెట్టి, వేపనూనె పూసి, మళ్లీ ఎండబెట్టాలి. తడి ఆకుకూరను వెదురులో నేరుగా పోయకుండా అరిటాకు పరవండి.

సరుకుల గది

ఫ్రిజ్ పెద్దదైతే చాలనుకుంటారు. కంద, చిలగడదుంప, గుమ్మడి, అరటి ఫ్రిజ్‌లో పాడవుతాయి. వంకాయ, బెండ, దోస మరీ చల్లదనానికి గుంటలు పడి మెత్తబడతాయి. కాబట్టి గదిలో నాలుగు రకాల చోట్లు వేర్వేరుగా ఉండాలి.

దుంపలకు చీకటి, గాలి ఆడే చెక్క సొరుగులు. వెలుతురు తగిలితే బంగాళాదుంప పచ్చబడి చేదెక్కుతుంది. ఉల్లి, వెల్లుల్లి వేరే మూలన వేలాడే వలల్లో. ఉల్లినీ బంగాళాదుంపనూ కలిపి పోస్తే రెండూ త్వరగా చెడతాయి. ఆకుకూరలకు, కొత్తిమీరకు ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల అర. నాలుగోది మాగే అర. బంగినపల్లి, రసాలు, సీతాఫలాలు, అరటిగెలలు అన్నీ దీంట్లోకి. 9 అంగుళాల లోతు సొరుగు, అడుగున అర అంగుళం సందులతో చెక్క పట్టీలు, 2 అంగుళాల వరిగడ్డి, ఒకే వరస కాయలు, పైన మళ్లీ గడ్డి. రెండు వరసలు పేరిస్తే కింది కాయ నలిగి, దాని రసం పక్క కాయలకూ అంటుతుంది. గడ్డి పొడిగా లేకపోతే బూజు, ఎలుకలు. కార్బైడ్ వాడటం చట్టరీత్యా నిషేధం, బడిలో దాని ఊసే వద్దు. మాగే పండ్లు వదిలే ఎథిలీన్ వాయువుకు ఆకుకూర పసుపు రంగుకు తిరుగుతుంది, దోసకాయ రంగు తిరుగుతుంది. అందుకే మాగే అరకు వేరే తలుపు, వేరే వెంటిలేటర్ ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియక రోజూ తోటకూర పారేసే వంటగదులు చాలా ఉన్నాయి.

జాడీల అర నడుముకు పైన ఉండకూడదు. 10 కిలోల ఊరగాయ ఉన్న పింగాణీ జాడీ తనంత తానే బరువు, నూనె చేతులతో ఎత్తు నుంచి దింపడం ప్రమాదం. 3 అడుగుల అర మీద నాలుగు జాడీలంటే 60 కిలోల దాకా వస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఏడాదిలో కిందికి వంగుతుంది. కడప బండ అర, 2 అడుగులకొక ఆనిక పెట్టండి.

రంగు, వెలుతురు

గోడకు వేసిన రంగు గిన్నెలోకీ వస్తుంది. ఆకుపచ్చ గోడ పక్కన పప్పు పాలిపోయినట్టు ఉంటుంది, నారింజ గోడ పక్కన పచ్చి కూర వేగినట్టు కనబడుతుంది. "ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా" అని చెప్పే గదిలో ఇది చిన్న తప్పు కాదు. గట్లు ఉన్న గదికి తెలుపు, బూడిద, చెక్క రంగులే. కాలం రంగును తినే చోట చూపించండి. ఒక గోడకు వంకాయ రంగో, గోంగూర కాడ ఎరుపో వేసుకోవచ్చు.

దీపాలు గట్టు మీద 500 లక్స్ వెలుతురు ఇవ్వాలి. వెలుతురు రంగు 4000 కెల్విన్ (పసుపు లేని తెలుపు) ఉండాలి. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె సీఆర్‌ఐ 90కి తగ్గకూడదు. సీఆర్‌ఐ తక్కువైన చౌక ఎల్‌ఈడీ కింద కారం ఎరుపు ఇటుకపొడిలా ఉంటుంది. దీపం మనిషి వెనక ఉంటే సొంత నీడ తరిగే చేతి మీద పడుతుంది, కత్తి వేలికి తగులుతుంది. గట్టు ముందు అంచుకు నేరుగా పైన బిగించండి. తినే చోట 2700 కెల్విన్ పసుపు వెలుతురు హాయిగా ఉంటుంది.

బోధించే బల్ల పైన కెమెరా పెట్టి తెర మీద చూపించేవాళ్లు దాన్ని స్టవ్‌కు నేరుగా పైన బిగించకండి. తాలింపు వేసిన మరుక్షణం ఆవిరి పట్టి, చూపించాల్సిన ఘట్టమే మసకబారుతుంది. అడుగున్నర పక్కకు జరిపి వాలుగా పెట్టాలి.

ఘాటు, గ్యాసు

ఆరు గట్ల మీద ఒకేసారి ఎండుమిరపకాయలు వేయిస్తే ఏమవుతుందో ఆలోచించి ఎగ్జాస్ట్ లెక్క వేయండి. గది 32×20, ఎత్తు 10 అడుగులు, అంటే 6400 ఘనపుటడుగులు. గంటకు 25 సార్లు గాలి మారాలంటే నిమిషానికి సుమారు 2700 ఘనపుటడుగులు లాగాలి. 3000 సామర్థ్యం తీసుకుంటే, ఆరు గట్లవీ బోధించే బల్లదీ కలిపి ఏడు హుడ్‌లకు తలా 400 పైచిలుకు వస్తుంది. ప్రతి హుడ్‌కూ మూసే రేకు ఉండాలి. లేకపోతే ఫ్యాన్‌కు దగ్గరున్న హుడ్ గట్టిగా లాగుతుంది, చివరి వరసవాళ్లు దగ్గుతూనే ఉంటారు. హుడ్ అంచు స్టవ్‌కు 28, 30 అంగుళాల పైన.

లాగిన గాలికి బదులు గాలి లోపలికి రావాలి, కనీసం 80 శాతం. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించి ఎగ్జాస్ట్ వేస్తే, గాలి టాయిలెట్ జాలీలోంచి, మురుగు కన్నాల్లోంచి వస్తుంది. తలుపు తెరవడానికి బలం సరిపోదు. లోపలికి వచ్చే గాలి మంట మీద పడకుండా బోధించే బల్ల వెనక నుంచి రానివ్వండి.

ఇళ్లకిచ్చే సిలిండర్లు కాకుండా 19 కిలోల్లాంటి వాణిజ్య సిలిండర్లే వాడాలి. బయట జాలీ గదిలో పెట్టి పైపు ద్వారా తీసుకురావాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే ఇలాంటి బడిని సెల్లార్‌లో పెట్టనే కూడదు. డిటెక్టర్ నేలకు అడుగు లోపు ఎత్తులో ఉండాలి. పైపు ద్వారా వచ్చే సహజవాయువు తేలిక, దానికి డిటెక్టర్ పైకప్పు దగ్గర. ఏ గ్యాసు వాడుతున్నారో చూడకుండా ఒకే ఎత్తున బిగిస్తే అది ఉన్నా లేనట్టే. మొత్తం గ్యాసు ఆపే వాల్వ్ బోధించేవారి చేతికందేలా పెట్టండి.

కరెంటుకు మూడు ఫేజులు, ప్రతి గట్టుకూ ఒక 16 యాంపుల సాకెట్, రెండు 6 యాంపులవి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. మిక్సీలను గట్ల మీద పెట్టకండి. ఆరు మిక్సీలు ఒకేసారి తిరిగితే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. గ్రైండర్, మిక్సీలు, రోలు అన్నీ రుబ్బుడు గదిలో, కింద రబ్బరు పట్టాలు, తలుపు మూసి.

కాలం మారే రోజు

ఏడాదికి నాలుగు తేదీలు పెట్టుకోండి: ఉగాది ముందు వారం, జూన్ మొదట్లో మృగశిర కార్తె, దసరా, డిసెంబరు మధ్యలో ధనుర్మాసం. ప్రతి కాలానికీ పేరు రాసిన ఒక పెట్టె. అందులో ఆ కాలపు కొక్కేలు, గుడ్డలు, ఏప్రాన్లు, పళ్లేలు. ఇద్దరు మనుషులు ఒక పూటలో మార్చేయగలగాలి. రోజంతా పడుతోందంటే కాలం గోడ మీద స్థిరంగా బిగించినవి ఎక్కువైపోయాయని అర్థం. మామిడి తోరణాలు అరుగు దగ్గరే కట్టండి. ఎండిన తోరణం స్టవ్ పక్కన ఉండకూడదు. కుండీల్లో కొత్తిమీర, గోంగూర పెంచాలనుకుంటే నాలుగైదు గంటల ఎండ తగిలే చోటే బతుకుతాయి. స్టవ్‌ల పక్కన ఆకుల మీద నూనె జిడ్డు పట్టి మాడిపోతాయి.

డబ్బు తగ్గితే టేకును, ఇత్తడిని, తినే చోటు సామానును తగ్గించుకోండి. ఎగ్జాస్ట్‌ను, పైపుల వాలును, గట్టు రాయిని తగ్గించకండి. తర్వాత మార్చాలంటే రెట్టింపు అవుతుంది.

తెరిచే ముందు

ఫాల్స్ సీలింగ్ మూయకముందే, చివరి రంగు వేయకముందే ఒక రోజు పరీక్ష పెట్టండి. ఆరు స్టవ్‌ల మీదా తలా 100 గ్రాముల ఎండుమిరప ఒకేసారి వేయించి, తినే చోట కూర్చున్నవారికి దగ్గు వస్తుందేమో చూడండి. ఒక బకెట్ నీళ్లు నేల మీద పోసి, పది నిమిషాల తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దతో గీయండి. సింకులన్నీ ఒకేసారి నింపి వదలండి. దోరకాయ, పండు టమాటాలు రెండు పక్కపక్కన పెట్టి, దీపాల కింద తేడా తెలుస్తోందా అని ముగ్గురిని అడగండి. హుడ్‌లన్నీ నడుస్తుండగా వెనక వరసలో నిలబడి, బోధించే బల్ల దగ్గర మామూలు గొంతుతో చెప్పిన కొలత వినబడిందో లేదో రాసి చూపించమనండి. చివరగా, తెలియని మనిషిని పిలిచి గ్యాసు ఆపే వాల్వ్ ఎక్కడుందో వెతకమనండి. 10 సెకన్లలో చేయి దాని మీద పడకపోతే వాల్వ్ చోటు మార్చండి, లేదా దాని చుట్టూ ఎర్ర పలక బిగించండి.